ఒడిశా సరిహద్దులో సాఫ్ట్‌వేర్ అమ్ముకుని బతకాలంటే: పెద్ద కంపెనీల ముందు చిన్నవాళ్లు నిలబడే పద్ధతి

ముందే చెప్పేస్తున్నా. పెద్ద కంపెనీ చేసిన సాఫ్ట్‌వేర్ మీరు చేసినదానికంటే చూడ్డానికి బాగుంటుంది, ఎక్కువ పనులు చేస్తుంది, చాలాసార్లు ధర కూడా తక్కువే. ఫోన్లో ఉచితంగా దొరికే బిల్లింగ్ యాప్‌లే బోలెడున్నాయి. అలాంటప్పుడు రాయగడలోనో గుణుపురంలోనో ఇద్దరు ముగ్గురు కూర్చుని, షాపులకీ మిల్లులకీ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతామంటే ఇంట్లోవాళ్లు "హాయిగా హైదరాబాదు పోయి ఉద్యోగం చూసుకోరాదూ" అంటారు, అనడంలో తప్పు కూడా లేదు. కానీ ఈ పనిలో ఉన్నవాడిగా చెప్తున్నా, ఇక్కడ బతకొచ్చు. కాకపోతే వాళ్ల ఫీచర్ల జాబితా పక్కన మన జాబితా పెట్టి చూపించే పని మాత్రం పెట్టుకోకూడదు. అక్కడ ప్రతిసారీ ఓడిపోతాం.

ఊరిని కాదు, సరుకును పట్టుకోండి

చాలామంది చేసేదేంటంటే, ఉన్న ఊళ్లో ఎన్ని షాపులున్నాయో లెక్కేసి, మందుల షాపుకీ బట్టల షాపుకీ హోటల్‌కీ అందరికీ ఒకటే సాఫ్ట్‌వేర్ అమ్మడానికి తిరుగుతారు. అది పెద్ద కంపెనీ చేసే పనే, డబ్బుండి చేసే పని. మన దగ్గర అంత లేదు కాబట్టి ఒక సరుకు ఎంచుకోవాలి. గజపతి, గంజాం వైపు జీడిపిక్కలు తీసుకోండి. ఇక్కడి తోటల్లో కాసిన పిక్క సంతలో కొనేవాడి చేతికి వస్తుంది, అక్కడ నుంచి కమీషన్ వ్యాపారికి, అక్కడ నుంచి సరిహద్దు దాటి పలాస ఫ్యాక్టరీలకి. రాయగడ, గుణుపురం, బిస్సంకటక్ వైపైతే పత్తి. కోరాపుట్ కొండల నుంచి దిగేది చింతపండు, అల్లం. ఆ దారిలో ఒక వ్యాపారి మీ సాఫ్ట్‌వేర్ వాడితే, అతనికి అమ్మేవాడూ అతని దగ్గర కొనేవాడూ మీ చీటీని ఎలాగూ చూస్తారు, మీకు వేరే ప్రకటన అక్కర్లేదు.

దీంట్లో ఇంకో లాభం ఉంది. పెద్ద కంపెనీల డీలర్‌షిప్‌లు సాధారణంగా రాష్ట్రాల లెక్కన పంచుకుని ఉంటాయి, ఇటువైపు భువనేశ్వర్ చూస్తుంది, అటువైపు విశాఖపట్నమో విజయవాడో చూస్తుంది. సరుకుకి ఆ గీతతో పనిలేదు. ఒడిశా పర్లాకిమిడి నుంచి ఆంధ్రా పాతపట్నం వెళ్లే లారీ వెనకాలే మనమూ వెళ్తాం. ఆ లారీ దారిని మొత్తంగా చూసే మనిషి వాళ్ల దగ్గర ఎవరూ ఉండరని నా నమ్మకం. నేను చూసినంతలో లేరు.

ఎంచుకున్నాక, ఆ సరుకు వ్యాపారంలో చేత్తో రాసే కాగితాలన్నీ తెచ్చి ముందు పరుచుకోండి. కాటా చీటీ, గోనె తరుగు, హమాలీ, కమీషన్, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, దాని మీద కోత. ఈ లెక్క మామూలు బిల్లింగ్ యాప్‌లో పెట్టాలంటే గుమస్తా పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని, చివరి అంకె మాత్రం యాప్‌లో కొడతాడు. అక్కడే మనకి చోటు ఉంది. బస్తా బరువు కొట్టగానే తరుగు తీసేసి, అడ్వాన్సు కోసేసి, రైతు చేతికి ఎంత వస్తుందో పెద్ద అంకెల్లో చూపించే స్క్రీన్ ఒక్కటి చేయండి. మిగతావన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు. పెద్ద అంకెలని ఎందుకు అంటున్నానంటే, గుణుపురం వైపు సవర, రాయగడ వైపు కుయి మాట్లాడే రైతులకి మన తెలుగు చీటీ అయినా ఒడియా చీటీ అయినా ఒకటే, అంకెలే చదువుతారు.

సరిహద్దు గొడవే మన ఆస్తి

సరిహద్దు ఊళ్లో షాపు నడిపేవాడికి రోజూ వచ్చే టెన్షన్, భువనేశ్వర్ నడిబొడ్డున ఉన్నవాడికి నెలకోసారి కూడా రాదు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చినప్పటి నుంచీ సొంత రాష్ట్రంలో అమ్మితే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా), బయటి రాష్ట్రానికి వెళ్తే ఆ రెండింటి బదులు ఐజీఎస్టీ. జీఎస్టీలో ఒడిశా రాష్ట్ర కోడ్ 21, ఆంధ్రప్రదేశ్ 37. పర్లాకిమిడి హోల్‌సేల్ షాపుకి పాతపట్నం నుంచి జీఎస్టీ నంబరున్న కిరాణా వ్యాపారి వచ్చి సరుకు వేయించుకుని తీసుకెళ్తే ఐజీఎస్టీ, అది సరే. మరి నంబరు లేని మనిషి వస్తే? 2023 అక్టోబరు 1 నుంచి నియమం ఏంటంటే, బిల్లులో అతని చిరునామా రాస్తే ఆ చిరునామా ఉన్న రాష్ట్రం లెక్కలోకి వస్తుంది, రాయకపోతే అమ్మిన షాపు ఉన్న రాష్ట్రమే. పేరు పక్కన రాష్ట్రం రాసినా చిరునామా రాసినట్టే. అంటే కౌంటర్లో కుర్రాడు అలవాటుగా పేరు పక్కన 'పాతపట్నం, ఆంధ్రా' అని కొట్టాడా, పన్ను మారిపోవాలి. మారకపోతే తర్వాత సరైన పన్ను మళ్లీ కట్టి, తప్పుగా కట్టింది వెనక్కి తెచ్చుకోవాలి. ఆ తిరుగుడు షాపు యజమానికి తప్పదు.

పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఇది చేయలేమని కాదు, చేయొచ్చు. సెట్టింగుల్లో నాలుగు మెట్లు దిగితే ఉంటుంది. మనం చేయాల్సింది దాన్ని మొదటి స్క్రీన్ మీదకి తేవడం: ఊరు పేరు కొట్టగానే, పాతపట్నం, మెళియాపుట్టి, పార్వతీపురం, కొమరాడ, సాలూరు అయితే 37 అని, గుణుపురం, కాశీనగర్ అయితే 21 అని దానంతట అదే పట్టుకోవాలి. ఈ ఊళ్ల జాబితా బెంగళూరులో కూర్చున్న ప్రోగ్రామర్‌కి తట్టదు. మీకు కళ్లు మూసుకున్నా వస్తుంది.

జీడిపిక్కలు, పత్తి విషయంలో ఇంకో మెలిక ఉంది. రైతు దగ్గర ముడి పిక్కలు గానీ ముడి పత్తి గానీ కొన్నప్పుడు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారే ఆ పన్ను కట్టాలి, దీన్ని రివర్స్ ఛార్జ్ అంటారు. రైతు బిల్లు ఇవ్వడు కాబట్టి కొన్నవాడే తన పేరున తాను బిల్లు రాసుకోవాలి. అదే సరుకు జీఎస్టీ ఉన్న వ్యాపారి దగ్గర కొంటే మామూలు పద్ధతి. అందుకని కొనుగోలు స్క్రీన్‌లో మొదటి ప్రశ్నే "అమ్మింది రైతా, వ్యాపారా" అని ఉండాలి, జవాబును బట్టి మిగతాది మారాలి. ఇలాంటివి మూడు నాలుగు సరిగ్గా చేశారంటే ఆడిటరే మీ పేరు చెప్పడం మొదలుపెడతాడు. సరిహద్దు ఊళ్లలో ఆడిటర్ చెప్పిన మాట కంటే పెద్ద మార్కెటింగ్ లేదు.

ఆడిటర్ అన్నాను కాబట్టి టాలీ గురించి కూడా. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ అది, 1986లో మొదలైన కంపెనీ, ఈ ప్రాంతంలో లెక్కలు రాసేవాళ్లలో చాలామందికి అదే అలవాటు. దాంతో పోట్లాట పెట్టుకోకండి. మీది కౌంటర్ దగ్గర ఉండాలి, ఆడిటర్ దగ్గర టాలీ ఉంటుంది, నెలాఖరున మీ సాఫ్ట్‌వేర్ నుంచి టాలీ చదువుకోగలిగే ఎక్స్‌ఎమ్మెల్ ఫైలు ఒక్క బటన్‌తో బయటకి రావాలి. అలా వస్తే ఆడిటర్ ఆఫీసులో రోజుల తరబడి చేసే టైపింగ్ తప్పుతుంది. పెద్దవాడిని తీసేయించే పని కష్టం, పెద్దవాడికి ముందు కూర్చునే పని అంత కష్టం కాదు.

కొండ మీద నెట్ పోతుంది

ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు: నెట్ లేకపోయినా బిల్లు కొట్టుకోవాలి. డేటాని నెట్‌లోని సర్వర్‌లో పెట్టే క్లౌడ్ మంచిదే, కానీ వానాకాలంలో ఘాట్ రోడ్ల పక్క ఊళ్లలో కరెంటూ నెట్టూ రెండూ పోతే, వరుసలో నిలబడ్డ మనిషికి "సర్వర్ రావట్లేదు" అని చెప్పలేం. డేటా షాపు కంప్యూటర్లోనే ఎస్‌క్యూలైట్ లాంటి ఉచిత డేటాబేస్‌లో రాసుకుని, నెట్ వచ్చాక పైకి పంపే ఏర్పాటు పెట్టండి. రెండు కౌంటర్లుంటే బిల్లు నంబర్లు ఢీకొంటాయి కదా అంటారు. ఢీకొనక్కర్లేదు. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో వరుసగా ఉండాలి, కానీ ఒకటికి మించి వరుసలు పెట్టుకోవచ్చని నియమంలోనే ఉంది. ఒక కౌంటర్‌కి ఏ, ఇంకోదానికి బి అని మొదలుపెట్టేస్తే సరి.

తర్వాత భాష. ఇక్కడ ఒకే షాపులో యజమాని తెలుగు, గుమస్తా ఒడియా, పక్క వీధి మార్వాడీ సేఠ్ హిందీ. వస్తువు పేరు ఒకసారి తెలుగులో కొడితే ఒడియాలో కూడా కనిపించాలి. దీనికి పెద్ద ఏఐ ఏమీ అక్కర్లేదు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగు అక్షరాలూ ఒడియా అక్షరాలూ ఒకే క్రమంలో పేర్చి ఉంటాయి, రెండింటికీ మధ్య 256 స్థానాల తేడా. తెలుగు క నుంచి 256 తీసేస్తే ఒడియా క వస్తుంది. అయితే అంతటితో వదిలేస్తే నవ్వులపాలవుతారు. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు, ఆ గళ్లు ఖాళీగా ఉంటాయి, వాటిని దీర్ఘాల వైపు తిప్పాలి. మన య ఉండే చోట ఒడియాలో ఉన్న అక్షరాన్ని వాళ్లు జ లాగా పలుకుతారు, అసలు య వేరే చోట ఉంటుంది. నారాయణ అనే పేరు ఒడియా గుమస్తా నారాజణ అని చదివాడంటే కారణం ఇదే. ఇవి సరిచేయడానికి పట్టే పని చిన్నదే, కానీ ఒడియా గుమస్తా మొహంలో వచ్చే తేడా చూడాలి.

ప్రింటర్ దగ్గర ఇంకో చిక్కు. షాపుల్లో ఉండే చవక థర్మల్ ప్రింటర్లకి ఇంగ్లిష్ అక్షరాలే తెలుసు, తెలుగు పంపితే పిచ్చి గుర్తులు వస్తాయి. బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాలి. కాస్త నెమ్మదిస్తుంది, అందుకని పేర్లున్న గీతలు మాత్రమే బొమ్మగా, అంకెలు మామూలుగా పంపితే వేగం నిలబడుతుంది. పెద్ద యాప్ బిల్లులో సరుకు పేర్లు ఇంగ్లిష్‌లో వస్తుంటే, మీ బిల్లులో 'కందిపప్పు' అని తెలుగులో వస్తే కొనుక్కునేవాళ్లు చూసి మాట్లాడుకుంటారు.

ఉచితంగా ఉన్నవి ఉచితంగానే వాడుకోండి

యూపీఐ వచ్చాక చిన్నవాడికీ పెద్దవాడికీ మధ్య ఒక గోడ పడిపోయింది. బిల్లు మొత్తం అందులోనే ఉండేలా క్యూఆర్ కోడ్ తయారుచేసి బిల్లు మీదే ముద్రించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, షాపువాడి యూపీఐ ఐడీ ఉంటే చాలు. డబ్బు పడిందా లేదా అని మీ సాఫ్ట్‌వేర్‌కి తెలియాలంటే మాత్రం బ్యాంకుతోనో పేమెంట్ కంపెనీతోనో ఒప్పందం కావాలి, మొదట్లో దాని జోలికి పోకండి, షాపులో స్పీకర్ డబ్బా ఎలాగూ అరుస్తుంది. కంప్యూటర్ నడిపే లినక్స్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, తెలుగు ఒడియా అక్షరాలకి నోటో ఫాంట్లు, అన్నీ ఉచితం. వాట్సాప్‌లో బిల్లు పంపడం అందరూ అడుగుతారు. దానికి దొంగదారి ప్రోగ్రాములు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు, షాపువాడి నంబరు బ్లాక్ అయిన రోజు మీ మీదకే వస్తాడు. అసలు పద్ధతిలో వెళ్తే మెసేజ్‌కి ఇంత అని పడుతుంది, అది విడిగా చెప్పి విడిగా తీసుకోండి.

ఒక్కో షాపుకీ ఒక్కో కాపీ వద్దు

చిన్న కంపెనీలు మునిగేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం. పెద్దవాడు చేయనన్నది మనం చేస్తాం కదా అని, ప్రతి యజమాని అడిగిన ప్రతిదీ అతని కాపీలో మాత్రం మార్చి ఇచ్చేస్తారు. "బాబూ, మా కమీషన్ లెక్క ఏటంటే, వందకి కాదు, బస్తాకి. అది పెట్టీ, మిగతాది తరవాత చూద్దాం" అని ఒక పెద్దాయన అంటాడు, కాదనలేం, వయసులో పెద్దవాడు. అలా ఏడాది గడిచేసరికి ఎన్ని షాపులో అన్ని సాఫ్ట్‌వేర్లు, ఒకచోట తప్పు సరిదిద్దితే ఇంకోచోట అది అలాగే ఉంటుంది. అడిగింది చేయండి, కాదనొద్దు, కానీ అందరి కోడ్‌లోనూ ఒక సెట్టింగ్‌గా చేయండి: కమీషన్ వందకా, బస్తాకా, క్వింటాలుకా. కోడ్ మాత్రం ఒకటే. సెట్టింగ్‌గా చేయలేని కోరిక అయితే, ఆ సరుకులో ఇంకో వ్యాపారికి కూడా అది అవసరమా అని అడిగి చూడండి, ఎవరికీ అక్కర్లేకపోతే మర్యాదగా "అది మా వల్ల కాదండి" అనేయండి. కాదనడం కూడా సేవలో భాగమే.

పన్ను రేట్లు మారిన రోజు మీ అసలు సత్తా తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం ప్రకటించింది, 22 నుంచి అమలు, అదీ నవరాత్రి మొదటి రోజు. ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5కి దిగాయి, నెయ్యి 12 నుంచి 5కి, 32 అంగుళాలు దాటిన టీవీలు, ఏసీలు 28 నుంచి 18కి. పెద్ద కంపెనీలు అప్‌డేట్ పంపాయి, పంపకుండా ఉండవు. కానీ అప్‌డేట్ మార్చేది రేట్ల పట్టికనే. షాపులో వస్తువుల జాబితా గుమస్తా ఏళ్ల తరబడి తనకి తోచినట్టు కొట్టింది, 'సబ్బు పెద్దది', 'సబ్బు ఎర్రది', 'కొత్త సబ్బు', కొన్నిటికి హెచ్ఎస్ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని చెప్పే అంకె) ఉంటుంది, కొన్నిటికి ఉండదు. వాటిని ఒక్కొక్కటీ చూసి సరిచేసే మనిషి కావాలి. ఇలాంటి తేదీ మళ్లీ వస్తుంది. ప్రకటనకీ అమలుకీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజుల్లో మీ షాపులన్నీ తిరిగి, జాబితాలు కూర్చుని సరిచేసి, అమలు రోజు పొద్దున్న తలుపు తీసే టైముకి ఫోన్ దగ్గర ఉండండి. ఏడాది ఫీజు ఎందుకివ్వాలి అని ఆ తర్వాత ఎవరూ అడగరు.

డబ్బు, మనుషులు

ధర తగ్గించి పోటీ పడకండి, ఉచితం కంటే తక్కువకి మనం ఇవ్వలేం. సాఫ్ట్‌వేర్ ధర అని కాకుండా ఏడాది సేవ ధర అని చెప్పండి. ఉదాహరణకి ఏడాదికి 6,000 అనుకుందాం. 200 షాపులంటే 12 లక్షలు. ఈ ఊళ్లలో ముగ్గురు నలుగురు బతకడానికి అది సరిపోతుంది, పెద్ద కంపెనీ లెక్కలో అది కనపడదు కూడా. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ 20 లక్షల టర్నోవర్ దాకా తప్పనిసరి కాదు, కానీ మీ కస్టమర్లకి ఇన్‌పుట్ క్రెడిట్ (మీకు కట్టిన పన్నుని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) కావాలంటే ముందే తీసుకోవడం నయం.

ఎప్పుడు అడగాలన్నది కూడా చూసుకోవాలి. జీడి వ్యాపారి చేతిలో డబ్బు ఆడేది వేసవి పంట తర్వాత, పత్తి వ్యాపారికి చలికాలంలో. ఫీజు ఆ టైముకి పడేలా పెట్టండి, మార్చి 31కి అందరి దగ్గరా అడగొద్దు. సీజన్ మధ్యలో కొత్త వెర్షన్ కూడా ఎక్కించొద్దు, ఎంత బాగున్నా సరే.

మనుషుల సంగతి. గుణుపురంలో జీఐఈటీ, పర్లాకిమిడిలో సెంచూరియన్, బరంపురంలో ఎన్‌ఐఎస్‌టీ లాంటి కాలేజీలున్నాయి, కోడ్ రాసే పిల్లలు దొరుకుతారు, కాకపోతే రెండేళ్లకి బెంగళూరు వెళ్లిపోతారు, దానికి బాధపడి లాభం లేదు. ఫోన్ ఎత్తే పనికి మాత్రం ఇంజినీర్‌ని పెట్టకండి. పదేళ్లు గుమస్తాగా చేసిన మనిషిని, తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాడిని తెచ్చుకుని కంప్యూటర్ నేర్పండి. కాటా చీటీ అంటే ఏంటో ఇంజినీర్‌కి నేర్పడం కంటే అదే తేలిక. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, షాపులో గిరాకీ ఉండే టైములో అతను ఫోన్ ఎత్తాలి. పెద్ద కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది.

చిన్న కంపెనీ అనగానే వచ్చే అనుమానం ఒకటుంది, "రేపు నువ్వు ఊరొదిలి పోతే నా లెక్కలేమవుతాయి?" నోటిమాటతో సర్దిచెప్పొద్దు, కాగితం మీద పెట్టండి. డేటా మొత్తం ఎప్పుడంటే అప్పుడు ఎక్సెల్‌లో దించుకునే బటన్ యజమాని చేతిలో ఉండాలి, రోజూ రాత్రి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి పోవాలి, ఫీజు కట్టడం ఆపేసినా పాత బిల్లులు తెరిచి చూసుకునే వీలుండాలి. డేటా బిగించి పట్టుకుంటే కస్టమర్ పోడనుకునేవాళ్లున్నారు. చిన్న ఊళ్లో అలాంటి కబురు సంత రోజుకల్లా అన్ని ఊళ్లకీ పాకుతుంది.

షాపులు కాక రాయగడ చుట్టుపక్కల పెద్ద ఫ్యాక్టరీలున్నాయి, జేకేపూర్ పేపర్ మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ, కాశీపూర్ వైపు అల్యూమినా. వాటిలో నేరుగా దూరాలని చూస్తే ఏళ్లు పడుతుంది. వాటికి మనుషులని పెట్టే కాంట్రాక్టర్లకి హాజరు, కూలీ, పీఎఫ్ లెక్కలు చేసి ఇవ్వడం దగ్గరి దారి. అయితే ఇక్కడ డబ్బు ఆలస్యమవుతుంది. అందుకని మొదటి రోజే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఖర్చేమీ లేదు. ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం, చిన్న సంస్థకి ఇవ్వాల్సిన డబ్బు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, దాటితే చక్రవడ్డీ, పైగా ఆదాయపు పన్ను చట్టంలో 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం (అంటే 2023-24 లెక్కలు) నుంచి ఆ గడువులో కట్టని బాకీని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు. మార్చిలో ఈ మాట వాళ్ల అకౌంటెంట్‌కి ఒకసారి గుర్తుచేస్తే చాలు, కేసుల దాకా వెళ్లక్కర్లేదు. మీ ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు, ఒప్పుకున్న గడువు తేదీ అచ్చువేయించండి.